అట్ట మీద మా నాయన పేరు

మొన్న ఒక సాయంత్రం తిరుమలగిరిలో కళ్ళద్దాల షాపుకు వెళ్ళాను. పాత అద్దాలతో పిల్లల నోట్సులు దిద్దుతుంటే మూడు ఎనిమిదిలాగా, ఎనిమిది సున్నాలాగా కనిపిస్తున్నాయి. లెక్కల టీచరుకు ఇంతకన్నా అప్రతిష్ఠ ఉండదు. కౌంటరు దగ్గర ఒకమ్మాయి ఫోనులో పాటలు పెట్టుకుని ఫ్రేములు తుడుస్తోంది. నేను గోడ మీద అక్షరాల బోర్డుతో తంటాలు పడుతుండగా ఒక పాట మొదలైంది. ముందు గిటారు, దాని కింద డ్రమ్ము, ఆ రెంటి మీదికి దూకినట్టు బాజాలు. ఆ బాజాల వెనక ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు. అంతవరకూ నాకు అక్షరాలే కనబడలేదు, ఆ చప్పుడుతో బోర్డు కూడా కనబడకుండా పోయింది. పాట మంచి ఊపులో ఉండగా టక్కున ఆగింది. ఆ అమ్మాయి ఫోను తీసి రెండుసార్లు నొక్కి, సిగ్నలు కోసం చెయ్యి పైకెత్తింది. "ఫోను మంచిగనే ఉందమ్మా, జెర ఆగు, అదే వస్తది" అన్నాను. అన్నట్టే వచ్చింది. "మీకెట్ల తెలుసు ఆంటీ?" అంది. "ఆడ ఆపింది మా నాయన" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, మర్యాదకు నవ్వి, మళ్ళీ ఫ్రేములు తుడుచుకోవడంలో పడింది.

మా నాయన పెళ్ళిళ్ళ బ్యాండులో ట్రంపెట్ మాస్టరు. మా తాత దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మిషన్లు వచ్చి ఆ పని పడిపోయాక నాయన లాలాగూడ చేరాడు. బ్యాండు దుకాణంలో డ్రమ్ము మోసే పనికి కుదిరి, మోస్తూ మోస్తూనే ట్రంపెట్ నేర్చుకున్నాడు. మేము సాయిబులమే గాని ఇంట్లో మాట తెలుగే. నమాజు అరబ్బీలో, బజారులో బేరం ఉర్దూలో, కొట్లాట మాత్రం అచ్చ తెలుగులో. నాయన సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఊదీ ఊదీ పై పెదవి మధ్యలో చిన్న కాయ కాసింది. ఊదే రోజున కారం ముట్టేవాడు కాదు, పెదవి మండుతుందని పెరుగన్నమే తినేవాడు. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే మా అమ్మ కూర గరిట పట్టుకుని, ఊరందరి పెళ్ళి భోజనానికీ నా మొగుడి పస్తుకీ ముడిపెట్టాడు దేవుడు అని గొణుక్కునేది. అమ్మ పోయాక ఆ గొణుగుడు కూడా నేనే అందుకున్నాను.

నలభై ఏళ్ళు ఊదినా నాయన పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఇది ఆయన తప్పు కాదు, ఆ పని తీరే అంత. పెద్ద డ్రమ్ము తోలు మీద దుకాణం యజమాని పేరు ఉంటుంది. టోపీల మీద కూడా అదే పేరు. పెళ్ళివాళ్ళకు ఆయన "ఏ మాస్టర్", తాగి ఆడేవాళ్ళకు "అరే బ్యాండ్". సికింద్రాబాద్‌లో ఏ ఇంట్లో పెళ్ళి ఆల్బం తిరగేసినా గుర్రం తోక పక్కన మా నాయన ట్రంపెట్ మూతి మెరుస్తూ కనిపిస్తుంది. ముఖం కనిపించే ఫోటో మాత్రం నేను ఒక్కటీ చూడలేదు. ఆయన ఎప్పుడూ దీని గురించి బాధపడినట్టు కనిపించేవాడు కాదు. బాధపడుతున్నాడని నాకు తెలిసిన రోజు గురించే ఇదంతా రాయడం.

బ్యాండు వాళ్ళకు పెళ్ళిళ్ళ తర్వాత పెద్ద సీజన్ ఎలక్షన్లు. నామినేషన్‌కు ఊరేగింపు, గెలిస్తే ఊరేగింపు, ఓడినా ఇంకెవరో గెలిచి ఉంటారు కాబట్టి వాళ్ళ ఊరేగింపు. బ్యాండుకు పార్టీ లేదు. ఎవరు పిలిస్తే వాళ్ళ కండువా మెడలో వేసుకుని వాయించడమే. పొద్దున ఒక రంగు, సాయంత్రం ఇంకో రంగు. ఒకసారి ఈ మార్చుకోవడంలోనే పొరపాటు జరిగింది. పెద్ద డ్రమ్ము కొట్టే మా చిచ్చా పొద్దుటి కండువా తియ్యడం మరిచిపోయి సాయంత్రం వేరే పార్టీ ఊరేగింపులో నిలబడ్డాడు. చిచ్చా అంటే బాబాయే గాని మాకు రక్తసంబంధం కాదు, నాయన పక్కన పాతికేళ్ళు నడిచినవాడు. ఆ రోజు ఆయన డ్రమ్ము తోలు చించేశారు, చొక్కా చించేశారు, ఇద్దరు ముగ్గురు చెయ్యి కూడా చేసుకున్నారు. నాయన మధ్యలోకి వెళ్ళి, డ్రమ్ము కొట్టేటోనికి రంగులు తెల్వవు సార్, గుడ్డిది వీడి పని అని బతిమాలి తీసుకొచ్చాడు. చిచ్చా మా అరుగు మీద కూర్చుని వణుకుతుంటే వీపుకు పసుపు రాసింది నేనే. ఆ వణుకు నా మనసులోంచి చాలా ఏళ్ళు పోలేదు. నేను ఆ తర్వాత చేసిన పనికి ఇది సాకు కాదు, కారణం మాత్రం అవును.

మా వెనక వీధిలో రైల్వే క్వార్టర్స్. అందులో ఒక ఫిట్టరుగారి కొడుకు కంప్యూటర్ కంపెనీలో పని చేస్తూ, శని ఆదివారాలు స్నేహితులతో కలిసి గిటారు వాయించేవాడు. అయిదుగురు. తమది ఫంక్ బ్యాండు అని చెప్పుకునేవాళ్ళు. ఆ గిటారబ్బాయి ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, మాస్టర్, మా పాటలకు మీ బాజాలు కావాలె అన్నాడు. నాయనకు అర్థం కాలేదు. "ఎవరి పెండ్లి?" అన్నాడు. పెళ్ళి కాదు, పాటల ఆల్బం అని ఆ అబ్బాయి చెప్పాడు. ఫంక్ అంటే ఏమిటో కూడా చెప్పబోయాడు గాని మాటల్లో కుదరక, మా అరుగు మీద అరచేత్తో కొట్టి చూపించాడు. మొదటి దెబ్బ గట్టిగా, మిగిలినవి దాని చుట్టూ చిందులేస్తున్నట్టు. నాయన కళ్ళు మూసుకుని విని, "గిదేముంది బేటా, మొదటి అడుగు గట్టిగ ఏస్తే కడమ అడుగులు ఆడుకుంటయి. పెండ్లి బరాత్‌ల మేం చేసేది గదే గద" అన్నాడు. ఆ అబ్బాయి ముఖం వెలిగిపోయింది. నాకైతే, చదువుకున్నవాడు రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్నది మా నాయనకు కాళ్ళలోనే ఉందని తెలిసి కొంచెం గర్వంగా, కొంచెం నవ్వుగా అనిపించింది.

ఆల్బం పేరు శిలాఫలకం. ఎనిమిది పాటలు, ఎనిమిదీ రాజకీయాలే. నీళ్ళ ట్యాంకరు వెంట బిందెలతో పరిగెత్తడం మీద ఒకటి. కాప్రా చెరువు ఏడాదికేడాది చిక్కిపోవడం మీద ఒకటి. కాంట్రాక్టు పనివాళ్ళ మీద ఒకటి. మ్యాన్‌హోల్లోకి దిగి తిరిగి రాని మనిషి మీద ఒకటి. అన్నిటికంటే ప్రమాదకరమైంది మూడో పాట. ఒకే బోరుకు మూడుసార్లు కొబ్బరికాయ కొట్టిన లీడరు మీద అది. పేరు పెట్టలేదు గాని, లాలాగూడలో పాలు తాగే పిల్లను అడిగినా ఆ లీడరు ఎవరో చెబుతుంది. మా నాయనకు ఎలక్షన్ల పని ఎక్కువగా ఇచ్చేది ఆయనే. నేను ఆ మాట నాయనతో అన్నాను. "బిడ్డా, బోరు ముచ్చట అబద్ధమా?" అన్నాడు. అబద్ధం కాదన్నాను, మూడు కొబ్బరికాయలప్పుడూ వాయించింది నువ్వే కదా అని కూడా అన్నాను. "అందుకే నాకు ఇంకా మంచిగ ఎర్క" అన్నాడు.

రికార్డింగు కాప్రాలో, ఒక ఇంటి మొదటి అంతస్తులో. ఎండాకాలం మధ్యాహ్నం. నాయన తన మనుషులు ఏడుగురినీ పూర్తి యూనిఫారంలో తీసుకొచ్చాడు. ఎర్రకోటు, బంగారు తీగల భుజకీర్తులు, టోపీలు, తెల్ల బూట్లు. గిటారబ్బాయి నిక్కరులో ఉన్నాడు. మాస్టర్, ఇక్కడ ఎవ్వరు చూడరు అని అతను మొహమాటపడితే, "బట్టలు సక్కగ లేకుంటే స్వరం సక్కగ రాదు" అన్నాడు నాయన. నేను వేసవి సెలవుల్లో ఉన్నాను కాబట్టి చూద్దామని వెంట వెళ్ళాను. గోడలకు స్పాంజి అంటించిన చిన్న గది, ఏసీ, ఒక్కొక్కరికీ చెవులకు తగిలించే హెడ్‌ఫోన్లు. టోపీ మీద అవి కూర్చోక, టోపీ తియ్యడానికి మా వాళ్ళు ఒప్పుకోక ఒక అరగంట పోయింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. వాయించడం మొదలుపెడితే ఎవరిది వాళ్ళది అయిపోయింది. పాతికేళ్ళుగా కలిసి వాయిస్తున్నవాళ్ళు కొత్తగా దిగినవాళ్ళలా తడబడ్డారు. చెవిలో టిక్కు టిక్కుమని లెక్క వస్తోంది, దాంతో కలపండి అని రికార్డింగు ఆయన అద్దం అవతలినుంచి చెబుతున్నాడు. నాయన చెమటలు పట్టి నిలబడ్డాడు. నాలుగోసారి చెడిపోయాక ట్రంపెట్ దించి, "నిలబడి ఎన్నడు వాయించలే సార్. నడిస్తేనే మాకు లెక్క వస్తది" అన్నాడు. ఊరేగింపులో వాళ్ళకు తాళం చెవినుంచి రాదు, అరికాలు నుంచి వస్తుంది. ఆ సంగతి అప్పటిదాకా వాళ్ళకూ తెలియదు, నడవకుండా వాయించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు కదా. సరే నడవండి అన్నారు. ఆ గదిలో నడిస్తే గోడలకు గుద్దుకున్నారు. మైకు దగ్గరికి వచ్చినప్పుడు చెవులు పగిలేలా, దూరం పోయినప్పుడు పక్క వీధి పెళ్ళిలా వినిపించింది.

చివరికి అందరం మిద్దె మీదికి ఎక్కాం. కిటికీలోంచి తీగలు పైకి లాగి, నాలుగు మూలలా మైకులు పెట్టారు. నీళ్ళ ట్యాంకు చుట్టూ నాయన ముందు, ఏడుగురూ వెనక వరసగా నడుస్తూ వాయించారు. ఎండ మాడ్చేస్తోంది. ఎర్రకోట్లు వీపులకు అంటుకుపోయాయి. ఒక్క దెబ్బ తప్పు పోలేదు. గిటారబ్బాయి తల పట్టుకుని నవ్వుతూ కూర్చున్నాడు, కళ్ళలో నీళ్ళు. పక్కింటి పెద్దావిడ మెట్లెక్కి వచ్చి, పెళ్ళికొడుకు ఎవరని అడిగింది. ఎవరూ లేరమ్మా అంటే నమ్మలేదు. మీరు పిలవకపోతే పోయిరి, అబద్ధాలెందుకు అని అలిగి దిగిపోయింది.

సాయంత్రం మ్యాన్‌హోల్ పాట దగ్గరికొచ్చారు. అది కూడా మంచి ఊపు ఉన్న పాటే. మాటలు వింటే తప్ప దాంట్లో చావు ఉందని తెలియదు. నాయన అప్పటికి దాని మెట్టు ఒక్కటే నేర్చుకున్నాడు. ఆ రోజు మిద్దె మీద గిటారబ్బాయి పాడుతుంటే మాటలు మొదటిసారి సరిగ్గా చెవిన పడ్డాయి. ఆ మనిషి బయటికి రాలేదని పాట చెప్పే చోటు రాగానే నాయన ఎడమ చెయ్యి పైకెత్తాడు. ఏడుగురూ టక్కున ఆపేశారు. వాయించడం ఆపారు గాని నడవడం ఆపలేదు. తలలు వంచుకుని ట్యాంకు చుట్టూ నడిచారు. గిటార్లు రెండు దెబ్బలు ఎక్కువ వాయించి, కంగారుపడి ఆగాయి. పదహారు అడుగుల తర్వాత నాయన చెయ్యి దించాడు, బాజాలు మళ్ళీ అందుకున్నాయి. పాట అయ్యాక రికార్డింగు ఆయన కింది నుంచి అరిచాడు, ఎవరు ఆపమన్నారని. నాయన దోషిలా నిలబడి చెప్పాడు. "బరాత్ పోతుంటే తొవ్వల సావైన ఇల్లు వస్తే వాయించం సార్. చెయ్యి లేపుతం, ఆ ఇల్లు దాటిందంక ఉత్తగ నడుస్తం. వీనింట్ల సావైంది గద."  గిటారబ్బాయి, ఇది గిట్లనే ఉంచుదాం, మల్ల రికార్డు చెయ్యొద్దు అన్నాడు. అట్లాగే ఉంచారు. చెవి పెట్టి వింటే ఆ పదహారు అడుగుల్లో తెల్ల బూట్ల చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ రోజు దిగి వస్తుండగా గిటారబ్బాయి, మాస్టర్, మీకు ఏం కావాలె అని అడిగాడు. డబ్బుల సంగతి ముందే మాట్లాడుకున్నారు, అది కాదు అతను అడిగింది. నాయన మెట్ల మీద ఆగి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, కొంచెం సిగ్గుపడి, "అట్ట మీద పేర్లు ఏస్తరంట గద. నాది సుత ఏస్తవా?" అన్నాడు. తప్పకుండా మాస్టర్, గిటారు కంటే ముందు మీదే అన్నాడు ఆ అబ్బాయి. ఇంటికొచ్చేదాకా ఆటోలో నాయన టోపీ ఒళ్ళో పెట్టుకుని తుడుస్తూనే ఉన్నాడు. ఇంటి ముందు దిగాక, "పేరు ఏస్తరంట బిడ్డా" అన్నాడు, నేను పక్కనే ఉండి విన్న సంగతి మర్చిపోయి. అరవై దాటిన మనిషి. నాకు అప్పుడు తెలిసింది, ఆయనకు ఈ కోరిక ఇన్నేళ్ళూ ఉందని.

రెండు నెలల తర్వాత ఆ అబ్బాయి సీడీ అట్ట నమూనా కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చాడు, పేరులో అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూపించుకుని పోదామని. నాయన మల్కాజిగిరిలో పెళ్ళికి వెళ్ళాడు. ఇంట్లో నేనున్నాను. పెళ్ళయ్యాక కూడా నాయన దగ్గరికి రోజూ సాయంత్రం వచ్చి చాయ్ తాగి వెళ్ళేదాన్ని, మా అత్తవారిల్లు రెండు సందుల అవతలే. కాగితం చూశాను. ముందువైపు శంకుస్థాపన రాయి బొమ్మ, వెనకవైపు సన్న ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు. అన్నిటికంటే పైన ట్రంపెట్ అని, పక్కన మా నాయన పూర్తి పేరు. ఆ పేరు నేను రేషన్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా అచ్చులో చూడలేదు. సంతోషపడాల్సింది పోయి నాకు చిచ్చా వీపు గుర్తొచ్చింది. ఎలక్షన్లు నాలుగు నెలల్లో ఉన్నాయి. మూడో పాట ఆ లీడరు చెవిన పడకుండా ఉండదు, ఎవరు వాయించారని అట్ట తిప్పి చూడకుండా ఉండరు. మా ఇంట్లో నాకు ముందుచూపు ఎక్కువని పేరు. మా అత్త దాన్నే ఇంకో రకంగా, లేని దయ్యానికి ముందే నిమ్మకాయలు కోసి పెడుతుంది అనేది.

"ఈ పేరు తీసెయ్ తమ్మీ" అన్నాను. అతను బిత్తరపోయాడు. "మాస్టర్ అడిగింది గదొక్కటే గదక్కా" అన్నాడు. ఎనిమిది ఇళ్ళు ఈ బ్యాండు మీద బతుకుతున్నాయి, రేపు ఎవడైనా వచ్చి తంతే మీ గిటార్లు అడ్డం వస్తాయా అని కొంచెం గట్టిగానే అన్నాను. అతను ఇంకా ఒప్పుకోలేదు, మాస్టర్‌నే అడుగుతా అన్నాడు. అప్పుడు నేను, "ఆయనే తీసెయ్యమన్నడు. నీ ముంగల చెప్పనీకె మొహమాటపడుతున్నడు. మల్ల అడిగి పరేషాన్ చెయ్యకు" అన్నాను. ఇంత నున్నగా అబద్ధం ఆడగలనని నాకే తెలియదు. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సీడీ వచ్చింది. నాయన దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని నా ముందు కూర్చున్నాడు. ఆయనకు తెలుగు కూడబలుక్కుని చదవడం వస్తుంది, ఇంగ్లీషు రాదు. పేర్లు చదువు బిడ్డా అన్నాడు. లేదని చెప్పడానికే నోరు తెరిచాను. ఆయన ముఖం చూశాను. గిటారు, కీబోర్డు, డ్రమ్ములు చదివి, ఆగకుండా, ట్రంపెట్ అని మా నాయన పేరు కూడా చదివేశాను. "యాడుంది?" అన్నాడు. నా వేలు ఎక్కడో ఒకచోట ఆగాలి కదా, కింది నుంచి రెండో లైను మీద ఆగింది. అది ప్రింటింగు ప్రెస్సు అడ్రసు. ఆయన తన వేలు దాని మీద పెట్టి, అటూ ఇటూ రుద్ది, తర్వాత మరిచిపోకుండా నా ఎర్ర పెన్ను అడిగి ఆ లైను పక్కన ఒక చుక్క పెట్టుకున్నాడు.

ఆ సీడీ ఆయన కోటు జేబులోనే తిరిగింది. చాయ్ హోటల్లో చూపించాడు, మసీదు బయట చూపించాడు, పెళ్ళివాళ్ళకు చూపించాడు. ఎర్ర చుక్క పక్కన వేలు పెట్టి, ఇదీ నేను అనేవాడు. చాలామందికి ఇంగ్లీషు రాదు, వచ్చినవాళ్ళకు అంత సన్న అక్షరాలు చదివే ఓపిక లేదు, బాగుంది మాస్టర్ అనేవాళ్ళు. ఇంటికి చుట్టాలొస్తే మాత్రం నన్ను పిలిచి, "జెర చదువు బిడ్డా, వీళ్ళు వింటరు" అనేవాడు. చదివేదాన్ని. ప్రెస్సు అడ్రసు చూస్తూ మా నాయన పేరు చదివేదాన్ని. మొదట్లో గొంతు తడబడేది, తర్వాత ఎక్కాలు అప్పజెప్పినంత తేలికగా వచ్చేసింది. ఈ తేలిక గురించే నాకు ఇప్పటికీ సిగ్గు.

ఎలక్షన్లు దగ్గరపడ్డాయి. లీడరు దగ్గర్నుంచి ప్రతిసారీ వచ్చే ఫోను రాలేదు. నేను అనుకున్నంతా అయిందనే నమ్మాను. ఒక రోజు నాయన చిచ్చాను వెంటబెట్టుకుని తనే ఆ ఆఫీసుకు వెళ్ళాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, పని దొరికింది, నామినేషన్ రోజు మనదే బ్యాండు అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. నామినేషన్ రోజున బడి గేటు దగ్గర నిలబడి చూశాను. లీడరు జీపు ముందు మా నాయన, జీపు మీద మైకులో శిలాఫలకం మూడో పాట. తన మీద పాట కట్టారని ఆ మనిషికి కోపం రాలేదు. తన మీద పాట ఉన్న లీడరు ఇంకెవడున్నాడని ఊరంతా వినిపించుకుంటున్నాడు. జనం బోరు దగ్గరి చరణం రాగానే ఈలలేస్తున్నారు, ఆయన చేతులు జోడిస్తున్నాడు. నేను భయపడినదేదీ జరగలేదు. పేరు తీయించిన దానికి అర్థమే లేకుండా పోయింది.

ఆ సాయంత్రమే గిటారబ్బాయికి ఫోను చేసి, మా నాయన మనసు మార్చుకున్నాడు, పేరు పెట్టెయ్యి తమ్మీ అన్నాను. మళ్ళీ ప్రింటు చేసినప్పుడు తప్పకుండా అన్నాడు పాపం. మళ్ళీ ప్రింటు చెయ్యలేదు. ఒకతను బెంగళూరు పోయాడు, ఒకతనికి పెళ్ళయింది, బ్యాండు చెదిరిపోయింది. సీడీలు కూడా పోయాయి. ఇప్పుడు ఫోనుల్లో వస్తున్న పాటకు అట్టంటూ లేదు, రాయి బొమ్మ ఒక్కటి గోరంత కనిపిస్తుంది.

నాయన ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు. చివరి రెండేళ్ళు ఊదడానికి పళ్ళు సహకరించలేదు. సీడీ మాత్రం మంచం పక్కన అలమరలో ఉండేది. చుట్టాలొస్తే తీసి చూపించేవాడు, కింది నుంచి రెండో లైను, ఎర్ర చుక్క. నేను ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతూ ఉండేదాన్ని. చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. అంత సంతోషంగా ఉన్న మనిషి చేతిలోంచి ఎందుకు లాక్కోవాలి అని సర్దుకునేదాన్ని. సర్దుకోవడంలో నా అంత నేర్పరి లేదు.

ఆయన పోయిన నలభయ్యో రోజున ఇంట్లో అందరికీ భోజనాలు పెట్టాం. చిచ్చా తిని, చెయ్యి కడుక్కుని, నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "నీకు చెప్పొద్దని అన్న నాతోని ఒట్టు ఏపిచ్చుకున్నడు. గిప్పుడు ఆయననే లేడు" అని మొదలుపెట్టాడు. ఆ రోజు లీడరు ఆఫీసులో నాయన సీడీ తీసి, మీ పాటల వాయించింది నేనే సార్ అని వేలు పెట్టి చూపించాడట. అక్కడ కూర్చున్న పి.ఏ. చదివి, గిది ప్రెస్సు అడ్రసు మాస్టర్, నీ పేరేడుంది అన్నాడట. కిందా మీదా అంతా వెతికి, ఎక్కడా లేదన్నాడట. అందరూ నవ్వారట. నాయన కూడా నవ్వాడట. "బయటికొచ్చినంక నేనే గరమైన. గా పోరడు మోసం జేసిండన్న, పోయి అడుగుదాం పా అన్న. మీ నాయన నన్ను ఆపిండు. ఆ పిలగాడు మాట తప్పేటోడు కాదు, నా బిడ్డనే తీపిచ్చుంటది, నీ వీపు చూసిన కాంచి దానికి భయం రా అన్నడు. నాకు ఎర్క అయిందని తెలిస్తే అది తక్లీఫ్ పడతది, నువ్వు నోరు మూసుకో అన్నడు."

 చిచ్చా వెళ్ళిపోయాక అలమర తెరిచి సీడీ తీసి కూర్చున్నాను. అప్పుడు తట్టింది. ఆ ఆఫీసుకు వెళ్ళొచ్చిన రోజు నుంచి ఆరేళ్ళలో, ఎంతమంది చుట్టాలొచ్చినా, నాయన నన్ను ఒక్కసారి కూడా చదవమని అడగలేదు. తనే చూపించేవాడు, తనే చెప్పేవాడు. ఆయనకు ఆ లైను కంఠతా వచ్చేసింది కదా, ఇక నా అవసరం లేదు అని నేను ఊపిరి పీల్చుకున్నాను. నేను ఇంకోసారి అబద్ధం ఆడాల్సిన అవసరం రాకుండా ఆయన ఆరేళ్ళు నా తరఫున ఆడాడు. ప్రెస్సు అడ్రసు మీద వేలు పెట్టి, అది ప్రెస్సు అడ్రసని తెలిసి, నా కళ్ళముందు సంతోషంగా ఉన్నాడు.

టైము దొరకలేదని చాలామంది చాలా విషయాల్లో అంటూ ఉంటారు. నేను మాత్రం ఆ మాట అనలేను. ఆరేళ్ళ పాటు రోజూ సాయంత్రం ఆ టైము నా ఎదురుగానే కూర్చుని చాయ్ తాగింది.